పిలిస్తే పలికినవాడు

కిందటి వారం మిమ్మల్ని మా వంటింటి గడప మీద నిలబెట్టి వెళ్ళిపోయాను. తిట్టుకునే ఉంటారు. తిట్టుకోండి, నాకు అలవాటే, మా అత్త జోగమ్మ ఏడేళ్ళుగా ఆ పని మీదే ఉంది. కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసం మాత్రం వెనక సంగతి కాస్త చెప్పి ముందుకెళ్తాను.

మా మావయ్య బలరాం భిలాయి ప్లాంటులో ముప్ఫై నాలుగేళ్ళు ఫర్నేసు దగ్గర పనిచేసి, ఈ తొంభై నాలుగు జూలై ఆఖరి రోజున రిటైరయ్యారు. మెడలో బంతిపూల దండేసి, డప్పులు వాయించుకుంటూ, జీపులో మేముండే క్యాంప్ ఒకటి బస్తీ దాకా తెచ్చి మా సందు మొదట్లో దింపారు. ఆ రోజు నుంచీ నా మనసు మనసులో లేదు. పొద్దున్న డ్యూటీకి వెళ్ళిన మావయ్యకి చెముడు. మధ్యాహ్నం దండతో వచ్చిన మావయ్యకి చెముడు లేదు.

ఫర్నేసు వాళ్ళకి చెముడు వింతేం కాదు. ఆ గాలి హోరులో పదేళ్ళుంటే ఎవరి చెవులైనా పోతాయి. మావయ్యని పిలవాలంటే మేము నోరు వాడం, ఆయన పడుకునే ఇనప మంచం పట్టీ మీద రెండు దెబ్బలు కొడతాం. ఆ అదురు ఒంటికి తెలిసి ఇటు తిరుగుతారు. మా పాప అమ్ముకి మాటలు రాకముందే ఆ రెండు దెబ్బలు వచ్చు. దీనివల్ల మాకో పాడు అలవాటు కూడా అబ్బింది. మనిషి ఎదురుగా ఉండగానే ఆయన గురక గురించి, ఆయన మొండితనం గురించి, అన్నీ ఆయన ముందే మాట్లాడేసుకుంటాం. క్యాంపులో ఫర్నేసు వాళ్ళ ఇళ్ళన్నింట్లోనూ ఇదే తంతు.

ఆ అలవాటు కొద్దీనే కిందటి వారం, ఆయన వసారాలో మంచం మీద ఉండగా, నేను వంటింట్లో అత్త చెవి దగ్గరికి వంగి గుసగుసగా అన్నాను. "అత్తా, ఈయన మావయ్య కాదేమోనని నా అనుమానం."

వసారా నుంచి జవాబొచ్చింది. "ఎవరు కాదంటున్నావు, భాగ్యరేఖా?"

అక్కడ ఆపాను కదా. ఇప్పుడు వినండి.

నా చేతిలో గరిట అలాగే ఉండిపోయింది. విన్నందుకు కాదు, నన్ను పిలిచిన తీరుకి. ఏడేళ్ళలో మావయ్య నన్ను "బాగ్గెవా" అనే తప్ప ఇంకోలా పిలిచి ఎరగరు. నా పూర్తి పేరు ఆయనకి నోరు తిరగదు. ఈయన మాత్రం రేడియోలో వార్తలు చదివేవాళ్ళలా ఒక్క అక్షరం పోకుండా పలికారు. నేను వసారాలోకి వెళ్ళి చూశాను. మంచం మీద కాళ్ళు చాపుకుని, మజ్జిగ గ్లాసు పట్టుకుని నవ్వుతున్నారు. ఆ మజ్జిగలో ఉప్పు లేదు. ఫర్నేసు వాళ్ళు ఉప్పు లేకుండా మజ్జిగ తాగరు. చెమటకి పోయిన ఉప్పంతా మజ్జిగలోనే తెచ్చుకుంటారు. మా మావయ్యయితే గుప్పెడు వేసుకునేవారు.

"ఏం లేదు మావయ్యా, పాలవాడి గురించి," అన్నాను.

"నువ్వు మెల్లగా మాట్లాడితేనే నాకు బాగా వినబడుతుంది," అన్నారాయన.

అత్త మాత్రం నా చెయ్యి పట్టుకుని దొడ్లోకి లాక్కుపోయింది. కుళాయి విప్పేసి, ఆ చప్పుడులో నన్ను కడిగేసింది.

"ఏటే నీ రోగం? ముప్పయ్యేళ్ళు గోడకి సెప్పుకున్నట్టు సెప్పుకున్నాను. అన్నం తింటావా అంటే సైగ, తలనొప్పంటే సైగ. ఇప్పుడా మనిసి నా మాట ఇంటన్నాడు. నిన్న నా సిన్నప్పటి కబుర్లు గంటసేపు సెప్పించుకున్నాడు. అది నీకేటి నొప్పి?"

అత్త ముఖం చూస్తే నిజంగా ఏడుపొచ్చింది. పెళ్ళయిన కొత్తల్లో ఎలా ఉండేదో నేను చూడలేదు గాని, ఆ వారమంతా అత్త అలాగే ఉంది. తలలో పూలు పెట్టుకుంటోంది. నేను అనుమానిస్తున్నది ఆయన్నే కాదు, అత్తకి దొరక్క దొరక్క దొరికిన ఆ కాస్త సుఖాన్ని కూడా. అయినా అనుమానం పోతేనా.

నా మొగుడు రాజేంద్రకి చెప్పి చూశాను. ఇక్కడే పుట్టి పెరిగినవాడు, నోట్లోకి తెలుగు కంటే హిందీ ముందొస్తుంది. "అరే, ఫర్నేస్ కా షోర్ బంద్ హో గయా, నాన్న కాన్ ఠీక్ హో గయే. ఖుష్ అవ్వాలి గాని, నువ్వు ఫాల్తూగా దిమాక్ పాడుచేసుకోకు," అన్నాడు. ఫర్నేసు హోరు ఆగింది కాబట్టి చెవులు బాగయ్యాయట. పవర్ హౌస్‌ పేటలో తను పనిచేసే వర్క్‌షాపులో విశ్వకర్మ పూజ పనులు ఉన్నాయని సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

ఇదంతా ఒక ఎత్తు, పిలుపులాట ఒక ఎత్తు. ఐదేళ్ళ మా అమ్ముకి ఆయన కొత్త ఆట నేర్పారు. ఆయన వసారాలో కళ్ళు మూసుకుని కూర్చుంటారు. అమ్ము పక్కగదిలో ఉంటుంది. "అమ్మూ" అని పిలుస్తారు. "వస్తన్నా తాతా" అని అది పలకాలి. పరుగెత్తుకుంటూ వస్తే తల నిమిరి, "మళ్ళీ పలుకు" అంటారు. పది సార్లు, ఇరవై సార్లు. దాచుకోవడం లేదు, పట్టుకోవడం లేదు, ఒట్టి పిలుపు, ఒట్టి పలుకు. పిల్లకి సరదాగానే ఉంది. నేను చూస్తున్నప్పుడు ఆయన పెదాలు కదులుతున్నాయి. పాట నేర్చుకునేవాళ్ళు గురువు వెనకాల మెల్లగా అనుకుంటారు చూడండి, అలా.

సెప్టెంబరు పదిహేడున, విశ్వకర్మ పూజ రోజు, ప్లాంటు గేట్లు ఇంటి వాళ్ళకి కూడా తెరుస్తారు. ఏడాదికి ఒక్కరోజు, మన మగవాళ్ళు ఎక్కడ పనిచేస్తున్నారో మనం వెళ్ళి చూడొచ్చు. ఆ రోజు మావయ్యతో పాటు పనిచేసిన జగ్గయ్యని పట్టుకుని, ఆఖరి రోజున అసలేం జరిగిందో నిలదీయాలని నేను ముందే అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. గుసగుసగా కూడా అనుకోలేదు.

పొద్దున్న తొమ్మిదింటికి తయారవుతుంటే ఆయన మంచం మీద నుంచే అన్నారు. "అమ్ముని నా దగ్గర వదిలెయ్యి. అక్కడ వేడికి తట్టుకోలేదు."

అంతే, నాకు ఎక్కడ లేని పంతం వచ్చింది. "పిల్ల ఎప్పుడూ చూడలేదు మావయ్యా, తీసుకెళ్తాను," అన్నాను. అమ్ముకి గౌను తొడిగి, కాళ్ళకి పట్టీలు పెట్టి, చెయ్యి పట్టుకున్నాను. ఆయన కాదనలేదు. గుమ్మం దాకా వచ్చి, తలుపు రెక్క పట్టుకుని నిలబడ్డారు.

"సరే, తీసుకెళ్ళు. ఒక్క మాట మాత్రం గుర్తుపెట్టుకో, భాగ్యరేఖా. నేను పిలిస్తే అమ్ముని పలకమను."

"ఇక్కడుండి మీరెలా పిలుస్తారు?" అన్నాను.

ఆయన నవ్వారు. "పలకమను. అంతే."

దారంతా ఆ మాటే నమిలాను. టెంపోలో కూర్చున్నప్పుడే గట్టిగా అనేసుకున్నాను, ఈయన పిలిస్తే నా పిల్ల చచ్చినా పలకదు అని. ఆ మాట మీరూ గుర్తుపెట్టుకోండి.

ప్లాంటు లోపల ఆ రోజు పెళ్ళివారి ఇల్లే. క్రేన్లకి మామిడి తోరణాలు, మోటార్లకి కుంకుమ బొట్లు, ఎక్కడ చూసినా బూందీ పొట్లాలు పట్టుకున్న పిల్లలు. ఫర్నేసు దగ్గరకొచ్చేసరికి మాత్రం సందడి పల్చబడింది. తల ఎత్తి చూస్తే మెడ పట్టేసేంత ఎత్తు. కింద చిన్న పందిరి, విశ్వకర్మ బొమ్మ, అగరొత్తులు. పందిరి పక్కన బల్ల మీద జగ్గయ్య, ఆయన భార్య నూకాలమ్మ కూర్చుని ఉన్నారు. నన్ను చూడగానే జగ్గయ్య లేచి వేరే పని ఉన్నట్టు అటు తిరిగాడు.

నేను చుట్టూ తిరిగి ఆయన ముందుకెళ్ళి నిలబడ్డాను. "జగ్గయ్య మావయ్యా, నన్ను చూసి తప్పించుకోవడం ఎందుకు? ఆ రోజు మా మావయ్యని పైనుంచి తెచ్చింది మీరే కదా?"

"తెచ్చినది కాదమ్మా," అన్నాడు జగ్గయ్య. ప్రసాదం పొట్లం చుట్టిన దారం విప్పాడు. "పిలిసినాను."

"పిలవడమేంటి? చెవిటి మనిషిని?"

నూకాలమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "సెప్పీ. ఎన్నాళ్ళు దాస్తావు," అంది మొగుడితో.

జగ్గయ్య అప్పుడు చెప్పాడు. ఆయన చెప్పినట్టే రాస్తున్నాను.

"మన ఆంధ్రావోళ్ళ గ్యాంగుకి ఒక పద్ధతి ఉన్నాదమ్మా. మా ముందోళ్ళు పెట్టినది. పైన ఇనుము పారే ఫ్లోరు మీద పని సేసినన్నాళ్ళూ ఎవలినీ పేరెట్టి పిలవం. ఈల ఏస్తాం, సెయ్యూపుతాం. పేరు పిలిసేది ఒక్కపాలే, రిటైరైన రోజున. స్నేయితుడు కింద మెట్ల కాడ నిలబడి మూడుసార్లు పిలవాల. పైనున్నోడు వస్తన్నా అని పలికి, ఎనక్కి సూడకుండా దిగీయాల. పలికినోడు దిగుతాడు, పలకనోడు పైనే ఉండిపోతాడు. ఒక్క రిటైరైనోడికే కాదు, ఆ ఫ్లోరు మీద నిలబడ్డ ఎవలికైనా అంతే. అందుకే పేరెత్తం."

"చెయ్యి పట్టుకుని తీసుకురావచ్చు కదా," అన్నాను.

"తేకూడదు. తనంతట తను దిగాల. సెవిటోళ్ళకి ముందే సెప్పి ఉంచుతాం, నా సెయ్యి సూడు, ఎత్తగానే పలుకు అని. మీ మావకీ సెప్పినాను, సరేనన్నాడు. ఆ రోజు పొగ కమ్మీసింది. నా సెయ్యి ఆడికి అగపడనేదు. అగపడనప్పుడు ఆగాల. కింద డప్పులోళ్ళు, జీపు, దండలు, అందరూ తొందర పెడతన్నారు. నాను పిలిసీసినాను."

"అయితే?"

"మొదటి పిలుపుకే పలికినాడు." జగ్గయ్య అప్పుడు నా కళ్ళలోకి చూశాడు. "ముప్పై నాలుగేళ్ళ స్నేయితం అమ్మా మాది. బలరాం మొదటి పిలుపుకి పలికినోడు కాడు. కాని మనిసి దిగొచ్చినాడు, అదే మొకం, అదే నడక. అందరూ దండలేసీసినారు. నానేటని సెప్పను, ఎవలికని సెప్పను?"

అమ్ముని దగ్గరికి లాక్కున్నాను. అయినా నోరు ఊరుకోదుగా. "దిగొచ్చినవాడి సంగతి సరే. దిగనివాడు?"

జగ్గయ్య పైకి చూశాడు.

పూజ కోసమని పైన గ్యాంగు చాలామంది కిందికి దిగి ఉన్నారు. ఇనుము మళ్ళీ పారడానికి ఇంకా రెండు గంటలు టైముంది, ఇప్పుడైతే ఎక్కొచ్చు అన్నాడు జగ్గయ్య. అమ్ముని మాత్రం వద్దన్నాడు. "పాపని నా దగ్గరుంచు. నాను కాసుకుంటాను," అని నూకాలమ్మ చేతులు చాచింది. మంచి మనిషి. మా అమ్ము పుట్టినప్పుడు పది రోజులు మా ఇంట్లో వంట చేసి పెట్టింది. ఆ రోజు మాత్రం ఆమె చేతుల వంక చూసి, ఈవిడ నూకాలమ్మేనా అనుకున్నాను. ఎవరు ఎవరో నాకు నమ్మకం పోయింది. పిల్లని చంకనేసుకున్నాను.

మెట్లు ఇనప జాలీవి. పట్టీలు ఇరుక్కుంటాయని జగ్గయ్య అంటే, తీసి నా చేతిసంచీలో వేసుకున్నాను. ముందు జగ్గయ్య, వెనక నేను. పై మెట్టు దాటి ఫ్లోరు మీద అడుగు పెట్టగానే అమ్ముని దింపాను. వేడి గాలి ముఖాన కొట్టింది. ఇనుము పారే కాలవలో ఇంకా ఎర్రగా నిప్పు కనబడుతోంది. హోరుకి నా మాట నాకే వినబడటం లేదు.

కాలవ అంచున ఒక మనిషి నిలబడి ఉన్నాడు. వీపు మా వైపు. మందపాటి కోటు, తలకి తువ్వాలు, చేతిలో పొడుగాటి ఇనప కడ్డీ. తువ్వాలు అంచుకి ఆకుపచ్చ గీత. అది నేను కొన్న తువ్వాలు. మా ఊరు టెక్కలి సంతలో కొని పోయిన సంక్రాంతికి మావయ్యకి పెట్టాను.

"ఆగస్టు మొదటి వారం నుంచీ అగపడతన్నాడు," అన్నాడు జగ్గయ్య నా చెవిలో. "ఏ సిప్టులో ఎక్కినా ఉంటాడు. సూసినోళ్ళం ముగ్గురం. ఎదురుగా ఎల్లడానికి మాకు గుండె సాలనేదు. ఎనక నుంచి అరిసినాం. ఇనడు."

ఎలా వింటారు? నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. అరవడం ఒక్కటే వీళ్ళకి తెలుసు. నేను ఏం చెయ్యాలో ఆలోచించేలోపే అమ్ము చేసేసింది. కింద నూకాలమ్మ ఇచ్చిన ప్రసాదం డబ్బా మూతతో ఇనప రెయిలింగు మీద రెండు దెబ్బలు కొట్టింది. టంగ్, టంగ్.

ఆ మనిషి ఇటు తిరిగాడు.

కనుబొమలు లేవు, ఎప్పుడూ లేవు, సెగకి కాలిపోయి మావయ్యకి కనుబొమలు మొలిచేవే కావు. ఇంట్లో ఉన్నాయనకి నల్లగా మొలుస్తున్నాయని ఇప్పుడు గుర్తొచ్చింది నాకు. చెంపలు లోతుకి పోయాయి. పెదాల మీద ఉప్పు తెల్లగా గడ్డకట్టింది. నన్ను చూసి, కడ్డీ పక్కన పెట్టి, చెవిటివాళ్ళు మాట్లాడినట్టు గొంతెత్తి అరిచారు.

"బాగ్గెవా. సిప్టు అయిపోనాదేటి? రిలీవరు ఇంకా రానేదు."

నేను ఏడ్చేశాను. ఎవరేమనుకుంటే నాకేంటి. ఫర్నేసు దగ్గర ఒక పద్ధతి ఉంది, మీకు తెలీకపోవచ్చు. తర్వాతి షిఫ్టు మనిషి వచ్చి చార్జి తీసుకునేదాకా ముందు షిఫ్టు మనిషి కదలకూడదు. నిప్పుని ఒంటరిగా వదలకూడదు. ఎనిమిది గంటలు పదహారైనా సరే. మావయ్య నలభై ఎనిమిది రోజులుగా రిలీవరు కోసం చూస్తున్నారు. రిటైరైన సంగతి ఆయనకి తెలీదు. ఆయన్ని పిలిచిన సంగతే ఆయనకి తెలీదు.

చేత్తో సైగ చేశాను, ఇంటికి పదండి అని. అమ్ముని చూపించాను. ఆయన ముఖం వెలిగింది. దగ్గరికొచ్చి, మసి చేతులని పిల్లకి తగలనియ్యకుండా వెనక్కి పెట్టుకుని వంగి చూశారు.

"మీయత్త ఎలగున్నాది? నాకోసం బెంగెట్టుకున్నాదేటి?"

ఏం చెప్పను? బెంగ లేదు మావయ్యా, తలలో పూలు పెట్టుకుని ఇంకెవరితోనో హాయిగా కబుర్లాడుతోంది అని చెప్పనా? తల అడ్డంగా ఊపానో నిలువుగా ఊపానో నాకే తెలీదు. చెయ్యి పట్టుకోబోతే జగ్గయ్య ఆపాడు. అప్పుడు నేను మెట్ల వైపు చూపించాను. మావయ్య నడిచి మెట్ల దగ్గరికి వచ్చారు. రెయిలింగు పట్టుకుని కాలు కిందికి చాపారు. చాపి, అటూ ఇటూ వెతికారు. మెట్టు అక్కడే ఉంది, నా కళ్ళెదుటే ఉంది. ఆయన కాలు దాని మీద ఆనలేదు. చీకట్లో పీట కోసం కాలితో తడుముకున్నట్టు తడుముతూ ఉండిపోయారు.

"మెట్టు అందడం నేదమ్మా," అన్నారు. అరవలేదు ఈసారి.

"ఆడి పేరుకి వేరేవోడు పలికీసినాడు. ఆడు మళ్ళీ పైకెక్కితే తప్ప ఈడు దిగలేడు," అన్నాడు జగ్గయ్య.

ఇంకేం, ఇంటికెళ్ళి ఆ మనిషిని మెడపట్టి ఇక్కడికి ఈడ్చుకొస్తానని నేను అనబోతున్నాను. ఆ మాట ఇంకా నోట్లోనే ఉంది.

"అమ్మూ."

కింద నుంచి. అరిచినట్టు లేదు, మామూలుగా పిలిచినట్టే ఉంది. అంత హోరులోనూ ఒక్క అక్షరం పోకుండా వినబడింది.

రెయిలింగు మీంచి వంగి చూశాను. మెట్ల మొదట్లో, ఇంటి దగ్గర వదిలొచ్చినాయన నిలబడి ఉన్నారు. తెల్ల చొక్కా, రిటైరైన రోజు వేసుకున్నదే. పక్కన మా అత్త, పెట్టెలోంచి తీసిన ముదురు నీలం చీర కట్టుకుని, ఆయన మోచెయ్యి పట్టుకుని, ఇంత పెద్ద ప్లాంటు మొదటిసారి చూస్తున్నట్టు అటూ ఇటూ చూస్తోంది. నా వైపు చూసి నవ్వి చెయ్యి కూడా ఊపింది.

"అమ్మూ."

అమ్ము తల ఎత్తింది. నోరు తెరిచింది. ఇరవై రోజులుగా ఆడుతున్న ఆట, పిల్లకి నోటిదాకా వచ్చేసింది. నేను పిల్లని నా ఒంటికేసి అదిమి అరచెయ్యితో దాని నోరు మూసేశాను. నువ్వు పలకమన్నావు కదా, నా పిల్ల పలకదు. పొద్దున్న గుమ్మంలో అడిగినప్పుడే అనుకున్నాను, ఏం చేస్తావో చేసుకో. ఆయన కింద నుంచి నన్నే చూస్తున్నారు, నా చేతినే చూస్తున్నారు. కోపం లేదు ఆ ముఖంలో. తృప్తిగా ఉంది.

"మూయకు. అమ్మా, మూయకు, పలకనీ," జగ్గయ్య నా చెయ్యి లాగుతున్నాడు. "పలకనోడు పైనే ఉండిపోతాడని సెప్పినాను కదే తల్లీ."

అప్పటికి బుర్రకెక్కింది. నేను చెయ్యమంటే చెయ్యనిదాన్ని, వద్దంటే చేసేదాన్ని. నలభై ఎనిమిది రోజులు నా గుసగుసలన్నీ విన్నవాడికి ఆ మాత్రం తెలీదా? చెయ్యి తీసేశాను.

"అమ్మూ." మూడోసారి.

"వస్తన్నా తాతా."

మా అమ్ము గొంతే. కాని నన్ను ఆనుకుని ఉన్న పిల్ల ఇంకా ఊపిరి అందక దగ్గుతోంది. పలికింది మా వెనక నుంచి, కాలవ పక్క నుంచి. వెనక్కి తిరిగేలోపు ఏదో నా చీర కుచ్చిళ్ళకి రాసుకుని ముందుకి వెళ్ళింది. మెట్ల మీద పట్టీల చప్పుడు మొదలైంది. మా అమ్ము పట్టీలు నా సంచీలో ఉన్నాయి. తడిమి చూసుకున్నాను, ఉన్నాయి.

కింద అత్త గొంతు వినబడింది. "ఓలమ్మ, నా బంగారం, ఒక్కర్తివీ దిగొచ్చీసినావా? మీయమ్మేదే?"

నేను అమ్ము చెయ్యి పట్టుకుని మెట్ల దగ్గరికి ఉరికాను. ఒక మెట్టు దిగాను, రెండు దిగాను. నా కాళ్ళకి మెట్లు అందుతున్నాయి. పిల్ల చెయ్యి మాత్రం బిగుసుకుని ఆగిపోయింది. తిరిగి చూశాను. అమ్ము పైనే నిలబడి, ఒక చేత్తో వాళ్ళ తాత కోటు అంచు పట్టుకుని, చిన్న కాలు కిందికి చాపి అటూ ఇటూ వెతుకుతోంది.

"అమ్మా," అంది, "మెట్టు అందట్లేదు."